మే నెలలో హీటరు

ఆటోనగర్ మూడో క్రాసులో
నా షెడ్డు రేకులు పదింటికే టపటపమంటాయి.
ఆ పూట వచ్చిందా ఎర్ర కారు.
రెండే సీట్లు, మోకాలెత్తు, పైన గుడ్డ టాపు,
ఎప్పుడో చలిదేశపోళ్ళు
చలిని తలుచుకుని చేసుకున్న బండి.

దిగింది ఇందుమతి గారు
కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పాదాలు కందిపోయి.
"మీరా, హీటరు ఆగట్లేదయ్యా."

టీ కొట్టు కాడ నవ్విన నవ్వుకి
గ్లాసులు గలగలమన్నాయి.
బెజవాడలో, రోళ్ళు పగిలే రోహిణిలో, హీటరు!
"ఊళ్ళో ఉన్నది చాలకా మేడం, వెంట తెచ్చుకున్నారు?"
అన్నాడు వెల్డింగు బసవయ్య.
ఆవిడా నవ్వింది. పాదాలు మాత్రం
నా నీళ్ళ బకెట్లో పెట్టేసింది, అడక్కుండానే.

కారు తుడిచే కుర్రాడు చోకనుకుని నాబు లాగాడట.
వెనక్కి నెట్టబోతే లోపల టప్పుమంది.

డాష్‌బోర్డు కింద దూరాను,
తల పెడల్స్ మధ్య, కాళ్ళు సీటు మీద,
గబ్బిలం మాదిరి.
నోట్లో టార్చి, కంట్లో తుప్పు.
నాబు పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది,
వెనకాల జానెడు తీగ, ఎలక తోకలా.
మిగతాది గొట్టంలోనే ఇరుక్కుంది.
అవతల వాల్వు నోరు తెరుచుకునే ఉంది,
ఇంజను వేడంతా ఆవిడ కాళ్ళ మీదకే.

"ఈ పైపుని ఆ పైపుకి కలిపేస్తే
పది నిమిషాల పని మేడం,
ఇక హీటరు మాటే ఉండదు."

బకెట్లో కాళ్ళు కదిపింది.
బ్యారేజీ గేట్ల దగ్గర ఇరవయ్యారేళ్ళు చేసిన మనిషి.
"గోడ కట్టడం ఎవరికైనా వచ్చు మీరా.
నాకు గేటు కావాలి."

సరే.
ముందు సైకిల్ బ్రేకు తీగ వేసి చూశా.
లాగితే తెరుచుకుంది. నెడితే
పలుపు తాడుతో ఎద్దుని ముందుకి తోసినట్టే,
లోపల్లోపలే ముడుచుకుపోయింది.
పేనిన తీగకి లాగుడే తెలుసు.
ఇక్కడ కావాల్సింది ఒంటి తీగ,
వంగాలి గానీ మెత్తబడకూడదు.

పాత సామాన్ల ఖాసిం కొట్లో
పోగుల్లో చెయ్యి పెట్టి కెలికితే
అంబాసిడర్ చోక్ కేబులు ఒకటి దొరికింది,
ఏ తాసీల్దారుని మోసిందో ఆ బండి.
నలభై అన్నాడు. పది ఎక్కువే.

పాతది పక్కన పడుకోబెట్టి
రెండు వేళ్ళు ఎక్కువ పెట్టి కోశా.
గొట్టంలోకి నూనె చుక్క చుక్కగా వదిలా.
మళ్ళీ గబ్బిలం.
బిగించే మర చెమటకి జారి ఎటో పడింది.
నేనూ బసవయ్యా అరగంట వెతికాం,
షెడ్డంతా ఊడ్చాం,
చివరికి నా కాలర్లోనే ఉంది పాపిష్ఠిది.

పొద్దుగూకాక వారధి మీదకి పోయాం, చూద్దామని.
నడిమధ్యలో ఆవిడ నాబు మెల్లగా లాగింది.
కాలిన దుమ్ము వాసన, వేడి గాలి,
దాంతో పాటు సందులోంచి ఎగిరొచ్చి
ఆవిడ ఒళ్ళో పడింది ఎండాకు ముక్క ఒకటి.
గోరంత. ఈ ఊరి చెట్టుది కాదు.

"చింతపల్లి ఘాటు," అంది. "డిసెంబరు."
ఎవరితో పోయిందో, ఏ ఏడో చెప్పలేదు.
నేనూ అడగలేదు.
కాసేపు అలాగే నడిపింది, పాదాలు కాలుతున్నా.
తరవాత అరచేత్తో నాబు నెట్టింది.
తీగ లోపల జారడం నాకు వినబడింది,
చివర్న చిన్న టక్కు.
కృష్ణ మీది గాలి తగిలింది, అదీ వేడిదే.

"ఎంతివ్వమంటావు?"
"మూడొందల నలభై మేడం.
తీగ నలభై.
మిగతాది తలకిందులుగా ఉన్నందుకు."