మూత తీస్తే

చీమకుర్తి క్వారీ నుంచి వచ్చిన
మా ఆయన చొక్కా దులిపితే
నల్లదుమ్ములో చుక్కలు మెరిశాయి.
ఊడ్చి పారెయ్యబుద్ధి కాలేదు.

అయిపోయిన పౌడరు డబ్బాకి జిగురు పూసి
అందులో దొర్లించాను.
అంచుకి జాకెట్టు పీలిక.
"ఏందమ్మే, డబ్బాకి పెళ్లా?"
అంది మస్తాన్‌బీ, పిట్టగోడ మీంచి.

మర్నాడు తనే తెచ్చింది,
వాళ్లాయన ఛాతీకి రాసుకునే మందు డబ్బాలు, ఏడు.
ఎన్నాళ్లవో నేనడగలేదు.

కుంకుడు రసంతో కడిగాను. ఎండబెట్టి మళ్లీ కడిగాను.
మూడు తనకి, నాలుగు నాకు.
ఇప్పుడు వాటిలో పిన్నీసులు, గుండీలు,
రేషను చిల్లర, మా పాపకి ఊడిన పన్ను.
పైనంతా చుక్కలే.

మూత తీస్తే మాత్రం
ఇంకా ఆ ఘాటు.

గోడ అవతల దగ్గు.
ఇవతల నేను
ఈయన చొక్కా దులుపుతాను,
ముక్కుకి కొంగు కట్టుకుని.