ఇరవై మూడు సీసాలు

కనిగిరి బస్సులో ఒళ్లో గోతాం పెట్టుకుని
మాలకొండయ్య తెచ్చాడు ఇరవై మూడు సీసాలు.
టానిక్కువి, బ్రాందీవి, ఒకటి గ్రైప్‌వాటరుది.
మూతలకి చింపిన నోటుపుస్తకం కాయితాలు:
బడి బోరు. ఖాసింబీ ఇంటెనక బోరు. దిబ్బ మీది బోరు.

"అర్జీ ఏదీ?" అన్నాను.
"ఇయ్యేగా సార్" అని నవ్వాడు. పళ్లన్నీ గార.

కడగని సీసాల్లో నీళ్లు లెక్కకి రావు.
ఆ మాట చెప్పడం నా ఉద్యోగం.
ఆదివారం శుభ్రమైన సీసాలతో వాళ్ల ఊరెళ్లడం
ఉద్యోగంలో లేదు. వెళ్లాను.
పిల్లలు ముందు నడిచి బోరు బోరుకీ పేరు చెప్పారు.
గొట్టంలో ఎర్రమందు పచ్చబడినప్పుడల్లా
ఎవరో ఒకరు గొంతు సవరించుకున్నారు.

పద్దెనిమిదింటికి ఎర్ర రంగు పూయాలి.
రంగుకి మా ఆఫీసులో పద్దు లేదు.
ఖాసింబీ పొదుపు డబ్బుల్లోంచి డబ్బా కొనింది,
తన బోరుకే మొదట పూసింది,
"పదేళ్లు అందరికీ పోశానే దీన్ని" అంటా.

మంచినీళ్లేమో దిబ్బ మీద, కాలిపోయిన మోటారు కింద.
మోటారు సంతకాలకి నేను తిరిగాను, నాలుగు నెలలు.
కాలవ వాళ్లు తవ్వారు. రాయి తగిలిన చోట
ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకున్నాం.

ఇప్పుడు బడి దాకా వస్తన్నాయి.
కాలనీకి ఇంకా రాలేదు.
మాలకొండయ్య కొళాయి కింద వంగలేడు,
మనవరాలి దోసిట్లో తాగాడు.

"ఇంటెనక" అన్న ఆ కాయితం
రిజిస్టర్లో అంటించి ఉంచాను.
సరిగ్గా రాయించమన్నారు పైవాళ్లు.
దిద్దలేదు.