రిహార్సల్

ఆలందూరు మెట్రో వెనక మూడో అంతస్తు. కరెంటు లేదు.
ఇళంపరిది సెల్లు లైటు పళ్ళ మధ్య బిగించి
నా భుజం మీద, సింహాల కింద,
నక్షత్రం గుచ్చుతున్నాడు.
వాడి వేళ్ళకు రోగుల మోకాళ్ళ నూనె వాసన.

రేపు పొద్దున ఈ పని కమాండెంట్ గారి భార్య చేస్తుంది.
ఫోటో తీస్తారు. "లెఫ్టినెంట్ కల్నల్‌వి అయ్యావు, పెళ్ళెప్పుడయ్యా?"
నవ్వుతాను.
పదహారేళ్ళలో డ్రిల్లు కంటే బాగా వచ్చింది అదే.

ఆ సెప్టెంబరులో మెస్సు టీవీ చెప్పింది
ఇక నేరం కాదని.
ఎవరో క్రికెట్ పెట్టారు.
"అది బయటివాళ్ళకి. మనకి మన చట్టముంది"
అన్నాడు మేజర్ బోపయ్య, పల్లీలు నములుతూ.
నేను స్కోరెంత అని అడిగాను.
అలా అడిగిన గొంతు
ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో వినబడుతుంది.

పరంగిమలై గేటుకి అటొక చట్టం, ఇటొక చట్టం,
మధ్యలో సున్నం గీత.
దాటినప్పుడల్లా బూటుకి కాస్త అంటుతుంది.
తుడుచుకుంటాను.

దగ్గరి బంధువు అనే గడిలో
అమ్మ పోయాక అక్క పేరు రాశాను.
నాకేమైనా అయితే కబురు తునికి వెళ్తుంది.
ఇక్కడికి రెండు కిలోమీటర్లు.
గాలి ఇటు వీస్తే బ్యూగిల్ కూడా వినబడుతుంది వాడికి,
ఎవరి కోసమో మాత్రం తెలీదు.

కరెంటొచ్చింది.
వాడు వెనక్కి జరిగి ఎడంచేత్తో సెల్యూట్ కొట్టాడు.
తప్పు. దిద్దలేదు.

తర్వాత నక్షత్రం ఊడదీసి
అగ్గిపెట్టెలో పెట్టిచ్చాడు.
గుడ్డలో రెండు చిల్లులు మిగిలాయి.
రేపు ఆవిడ పిన్ను
వాటిలోంచే దూరాలి.