వెంట ఒకరు

పాసు మీద ఆయన ఫొటో ఉంది.
మెడ తిరగదు గదా,
ఫొటో తీసే పిల్లోడే పక్కకి జరిగి తీశాడు.
పేరు: గంగరబోయిన మాలకొండయ్య.
ఊరు, మండలం, వైకల్యం శాతం.
అరవై ఎనిమిదంట.
అంత లెక్కగా ఎట్టా కొలిచారో.
అడుగున, చీమంత అచ్చరాల్లో,
వెంట: ఒకరు.

ఆ ఒకర్ని నేను.
తొమ్మిదేళ్ళ నుంచి.

మా ఊరి బోరు నీళ్ళు చల్లంగా ఉంటయ్యి.
చిన్నప్పటి నుంచి తాగి తాగి
ఆయన ఎముకలు సున్నపు గోడలైనయ్యి.
మోకాలు మడిచే పని మర్చిపోయింది.
నేను ఉలవపాడు పిల్లని.
పళ్ళు తెల్లగా ఉన్నయ్యి ఇంకా,
నవ్వితే ఇప్పటికీ వాళ్ళ ఊరిదాన్ని కాదని తెలిసిపోద్ది.

కనిగిరిలో ఎక్కితే పొదిలి, చీమకుర్తి, ఒంగోలు.
పెద్దాసుపత్రి, చీటీ, మాత్రలు, మళ్ళీ బస్సు.
కాలు నడవాలోకి చాపుకోవాలి కాబట్టి
కిటికీ నాది.
అట్టా తొమ్మిదేళ్ళు
గ్రానైటు రాళ్ళ లారీలన్నీ నేనే లెక్కబెట్టాను.

ఆయన లేకపోతే మాత్రం పాసు ఉత్త అట్టముక్క.
మా అక్క మనవరాలి ఓణీలకి
ఆయన రానన్నాడు, నడుం నొప్పి.
పాసు రాదు, పైగా చేతిలో డబ్బుల్లేవు.
పోలా.
ఒకరు అంటే ఒక్కత్తె అని కాదంట,
కండక్టరు అప్పుడెప్పుడో విడమరిచి చెప్పాడు.

పోయిన శ్రావణంలో
ఆడోళ్ళకి బస్సు ఊరికేనన్నారు.
నమ్మలా.
ఆధార్ కార్డు కొంగున కట్టుకోని కందుకూరు బస్సెక్కితే
సలోమీ కండక్టరమ్మ మిషన్లోంచి
సున్నా టిక్కెట్టు చించి చేతిలో పెట్టింది.
సున్నానే.
అయినా నా సున్నా.
"ఎంతమందమ్మా?"
ఒకరు, అన్నాను.
అలవాటుకొద్దీ కిటికీ పక్కన నక్కి కూర్చుని
పక్కనంతా ఆయన కాలికి వదిలేశాను.
వలేటివారిపాలెం దాటినాక గుర్తొచ్చి
మెల్లగా జరిగాను.

ఇంటికొస్తే ఆయన పాసు కళ్ళకి దగ్గరగా పెట్టుకోని
"అయితే ఒకరు ఖాళీ అన్నమాట" అన్నాడు.
ఉద్యోగం పడ్డట్టు పాకింది ఊళ్ళో మాట.
కాలెట్టా ఉందని ఏనాడూ అడగనోళ్ళు
కషాయం తెచ్చారు, కోడిగుడ్లు తెచ్చారు.
డీలరు బామ్మర్దికి ప్రతి సోమవారం
ఒంగోల్లో పనంట, తోడొస్తానన్నాడు.
కోడిగుడ్లు ఉడకేసుకు తిన్నాం.
ఎవరికీ అవునన్లా.

చివరికి కాశింపీరాని పిలిచాడు.
అరవై రెండేళ్ళుగా మిషను తొక్కిన కాళ్ళు,
పొదిలి దాటి ఎరగవు.
"ఆసుపత్రికేనా?" అన్నాడు పీరా.
"ఆసుపత్రికెందుకురా.
కొత్తపట్నం. సముద్రం."

తెల్లారుజామున
చెరొక చొక్కా ఇస్త్రీ మడత చెడకుండా
బొమ్మల్లే నిలబడ్డారు బస్సు కోసం.
నేను పులిహోర కట్టిచ్చాను, మాత్రలు చుట్టిచ్చాను.
గుంటలొచ్చిన చోట నడుం కింద చెయ్యి పెట్టాలని
పీరాకి చెబుదామనుకుని
ఆగాను.

ఆ పగలు పొడుగ్గా గడిచింది.
ఆయనుంటే లేని చప్పుళ్ళు వినపడ్డయ్యి ఇంట్లో.
కందులు చెరిగాను. మళ్ళీ చెరిగాను.

ఎనిమిదింటి బస్సుకి దిగారు.
చెప్పుల నిండా ఇసక.
పీరా జేబులు తడిసి వేలాడతన్నయ్యి.
సముద్రాన్ని మడిచి పెట్టుకొచ్చాడేమో!
మెట్టు మీద ఆయన్ని దించతా
ఎడం చెయ్యి పట్టుకున్నాడు.
ఎడం భుజం లేవదు.
ఆయన పళ్ళు బిగబట్టి, నవ్వి,
ఆ చెయ్యే ఇచ్చాడు.

నేను చెప్పలా.
నాకూ ఏడాది పట్టింది
ఏ చెయ్యో తెలుసుకోడానికి.