నిమ్మళం

నిన్న సాయంత్రం నుంచీ
బారింగ్ గేరు మీద మెల్లగా పొర్లుతోంది రోటరు.
ఆపితే తన బరువుకు తనే వంగిపోతుంది
వెంట్రుకవాసి.
ఆ వెంట్రుకే చాలు.

గేటు బయట పుత్తూరు రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు.
ఎండకు చెరకు తూకం తగ్గిపోతోందని రైతుల కేకలు,
ఫోన్లో మేనేజరు.
"నిమ్మళంగా నాయినా" అంటాడు ఏకాంబరం,
"ఇనుముకైనా ఒళ్లు కాగాల గదా."

ఐదువందల చుట్ల దగ్గర నలభై నిమిషాలు.
కేసింగు సాగింది, నాలుగు మిల్లీమీటర్లు.
ముప్పై ఏళ్ల హోరు ఆయన చెవులు తినేసింది.
స్క్రూడ్రైవరు పిడి పళ్ల మధ్య కరుచుకుని
మొన బేరింగుకు ఆనించి
దవడ ఎముకతో వింటాడు.
నేను చూడాల్సింది స్క్రీను మీది అంకెలు,
చూస్తున్నది ఆయన కనుబొమలు.

రెండువేలు దాటుతుండగా
నేల వణికింది. బల్ల మీద టీ గ్లాసు
తనంతట తనే నడిచింది.
వాల్వు తగ్గించబోయింది నా చెయ్యి.
పొద్దుట్నుంచీ నిమ్మళమన్న మనిషే
స్క్రూడ్రైవరు ఊడబెరికి అరిచాడు:
"ఈడ మాత్రం నిలబడగూడదు! తోలు!"

తోలాను.
వంక దాటిన బండిలా
ఒక్కసారిగా తేలికైంది చప్పుడు.

మూడువేల మీద, ఎంతసేపటికో,
తాగడం మరిచిన టీ వైపు చూశాను.
మీగడ కట్టింది,
ఎక్కడా ముడత లేకుండా.