ఎనిమిదో అంతస్తుకి మెట్లదారి

మంగళవారం మూడున్నరకి వస్తాడు ఒవీడియో
ఎనిమిది అంతస్తులూ మెట్లెక్కి,
చొక్కా వీపుకి అతుక్కుపోయి.
బ్యూనస్ ఎయిర్స్‌లో ఈ వీధి లిఫ్టులన్నీ
అతని చేతి చలవతోనే లేచి దిగుతాయి.
"వ్యాయామం, డాక్టరుగారూ" అంటాడు.
రాసుకోను. మంచినీళ్లిస్తాను.

సోఫా మీద పడుకుని ఉక్కు తాళ్ల గురించి చెబుతాడు:
ఎన్ని పోగులు, ఎంత బరువు,
ఏ గ్రీజు ఎంత చలికి గడ్డకడుతుందో.
ఇరవై నిమిషాలు. ఒక్క పోగు తెగదు.
తర్వాత, అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు
ఒక స్పానర్ని పట్టుకుని తిడతాడు.
"భయమేస్తోందా మీకు? కిటికీ మూసుకున్నారు" అంటాడు నన్ను.
కిటికీ తెరిచే ఉంది.

తమ్ముడు లిసాంద్రో పేరు వస్తే మాత్రం
జోకు. ఎప్పుడూ అదే,
పాదిరీదీ చిలకదీ.
మొదటి ఏడాది నేనూ నవ్వాను.

మా పాఠం ఇలా ఉండేది:
అణిచిన కోరికే పులిసి ఆందోళన అవుతుందని
మొదట అనుకున్నారు.
ఆనక తిరగరాశారు. ఆందోళనే ముందు.
అది గంట.
గంట విని మనసు పరుగున వెళ్లి తలుపులేస్తుంది.
పరీక్షలో పదికి తొమ్మిది వచ్చాయి నాకు.
తలుపులేసే చేతి గోళ్లలో
గ్రీజు ఉంటుందని ఎవరూ అడగలేదు.

జనవరి ఎండ. ఊరంతా కరెంటు పోయింది.
ఐదుకీ ఆరుకీ మధ్య లిఫ్టు ఆగింది,
లోపల ఇతురాల్దేగారు, ఆవిడ ముసలి కుక్క.
గంట.
చిలక సగంలో ఉంది. నోరు మూయలేదు, మాట రాలేదు.
పదకొండుసార్లు మోగింది, లెక్కపెట్టాను
(లెక్కపెట్టడం నా అలవాటు, అలాంటప్పుడు).

"ఆ రోజూ మోగింది" అన్నాడు పైకప్పుతో.
"కింద అన్నం తింటున్నాను.
వాడు ఆటలాడుతున్నాడనుకున్నా.
తినేసి వెళదామనుకున్నా.
వేడిగా ఉంది, డాక్టరుగారూ. చాలా బాగుంది అన్నం."

లేచి సంచీ తీసుకుని దిగిపోయాడు.
కాసేపటికి ఇనుము మీద ఇనుము చప్పుడు,
కుక్క అరుపు, ఆవిడ ఏడుపు,
అతని గొంతు: "ఇదిగో, వచ్చాను, వచ్చేశాను."
ఆ మాట ఆవిడకి కాదు.

తిరిగి పైకి రాలేదు.
ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి అతనివి.
సోఫా మీద తడి మరక చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం నేనూ మెట్లే దిగాను.
కరెంటు లేదు కదా, అనుకున్నాను,
ప్రతి అంతస్తులోనూ వెలుగుతున్న దీపాల కింద.