రాయి

పసుపు పేకెట్టు వెనక
నా గురించి నాలుగు వరసలు అచ్చేస్తారట.
ఇంగ్లీషులో ఉంటే ధర పలుకుతుందని
భువనేశ్వర్ నించి వచ్చినాయన చెప్పి పోయాడు.
సంఘంలో పద్నాలుగు మందిమి,
వేలిముద్ర కాక సంతకం పెట్టేది నేనొక్కర్తెనే.
కాగితం నా ఒళ్ళో పడింది.

అలా యాభైమూడో ఏట
గుణుపురం స్టేషను వెనక రేకుల గదిలో
చిన్నపిల్లల బల్ల కింద మోకాళ్ళు పట్టక
పక్కకి తిరిగి కూర్చున్నాను.
పాఠం చెప్పేది సులమీ రయితా, సవరల పిల్ల,
ఇరవై రెండేళ్ళుంటాయేమో.
నా తెలుగుకి ఒడియాలో జవాబిస్తుంది.
నా ఒడియాకి నవ్వుతుంది.

'మై నేమ్ ఈజ్ తవిటమ్మ' అని రాశాను.
ఆ పేరుకి అర్థమేటి, అంది.
నాకు ముందు ముగ్గురు దక్కలేదు మా అమ్మకి.
నన్ను కన్న మూడో రోజునే
పొరుగింటి గడపలో పెట్టేసి
గుప్పెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంది,
చావొచ్చి అడిగితే ఈ గుంట నాది కాదనడానికి.
ఇదంతా చెప్పి, ఇంగ్లీషులో ఎలాగంటే
'ఐ వజ్ సోల్డ్' అని రాసి చూపించింది.
అమ్ముడుపోయాను. అంతే.
తవుడు లేదు, గడప లేదు,
పురిటి నడుముతో వంగి ఎత్తుకున్న మా అమ్మ లేదు.

ఇంకా రాయమంది. ఏం పని చేసేదానివి?

గురువారం సంతలో చింతపండు కొనేవాళ్ళం.
పుట్టాసింగి దారిన తెల్లారకుండా దిగేవారు సవరలు,
కావిళ్ళలో చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు.
వాళ్ళ భాషలో నాకొచ్చినవి అంకెలే,
అబోయ్, బాగు, యాగి.
బేరానికి అంతకన్నా ఏం కావాలి?

ఇంగ్లీషులో ప్రతి వరస ముందూ
'ఐ' అని ఒక నిట్రాట పాతాలట.
తెలుగులోనైతే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.
సరుకు దానంతటదే తక్కువ తూగేది.
తరుగు దానంతటదే పోయేది.
కాటా అలా చూపించేది.

నాకొచ్చిన ఇంగ్లీషు మాటలు నూటయాభై దాటవు.
వాటిల్లో సాకు చెప్పేది ఒక్కటీ లేదు.
అందరూ చేసిందే కదా, అనడం రాదు.
ఆ రోజులు అలాంటివి, అనడం రాదు.
మా ఆయన చేయించాడు, నాకేం తెలుసు,
ఇది అసలే రాదు.
వచ్చిందే రాశాను:
'ఐ హేవ్ వన్ స్టోన్. స్టోన్ ఈజ్ నాట్ ట్రూ.'
అయిదు కేజీలని పైన చెక్కి ఉంటుంది.
కింద తొలిపించి సీసం పోయించాం.
కొనేటప్పుడు అదీ, అమ్మేటప్పుడు వేరేదీ.
ఈ సీసం సంగతికి మాటల్లేక
బల్లమీద వేలితో బొమ్మ గీసి చూపించాను.

సులమీ చాలాసేపు చదివింది, రెండే వరసలు.
వాళ్ళమ్మ సంతకి దిగేదని ఎప్పుడో మాటల్లో అంది.
ఎవరి కొట్టుకని నేనడగలేదు.
బయట రాయగడ బండి కూత వేసింది.
ఎర్ర పెన్ను తీసి
'హేవ్' కొట్టేసి 'హేడ్' చేసింది,
'ఈజ్'ని 'వజ్' చేసింది,
జరిగిపోయింది కదా, అన్నట్టు.
వాళ్ళమ్మ భుజం మీది కాయని కూడా
అంత సులువుగా దిద్దగలదా ఈ పిల్ల?

అప్పుడు మొదటిసారి తెలుగులో అంది:
'ఇంకా ఉందా, రాయి.'

రాయమందో,
ఆ రాయి ఇంకా ఉందా అని అడిగిందో.
ఆ పిల్ల తెలుగులో
ప్రశ్నకీ ఆజ్ఞకీ ఒకటే రాగం.

ఉంది.
వంటింట్లో, పచ్చడి కుండ మూత మీద బరువుకి.
ప్రతి పొద్దూ రెండు చేతుల్తో ఎత్తి పక్కన పెడతాను.

రబ్బరు తీసి రుద్దాను.
ఎర్ర సిరా పోలేదు, కాగితం చిరిగింది.
చిరుగు పక్కనే, వంకరటింకరగా,
మళ్ళీ 'హేవ్' అని రాశాను.